విడిభాగము చెప్పే చరిత్ర
పాత తుపాకుల భాగాలు, ఉపకరణాలు - వాటిని సేకరించవలసిన తీరు

హైదరాబాదు పాతబస్తీలో, మూసీ నదికి దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫా ప్రాంతములో సాలార్‌జంగ్ మ్యూజియము ఉన్నది. అక్కడి ఆయుధాల విభాగమునకు వచ్చిన విద్యార్థుల చూపు ముందుగా కత్తుల పిడుల మీది నగిషీ మీద, డాళ్ల మీది పనితనము మీద నిలుస్తుంది. తుపాకుల దగ్గరకు వచ్చేసరికి, “ఇది ఎంత దూరము కొడుతుంది?” అని అడుగుతారు. అది సహజమైన ప్రశ్నయే. కాని సైన్సు చదువుకొనే విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. “ఈ తుపాకిలో ఒక చిన్న భాగము విరిగిపోతే, ప్రక్కనున్న తుపాకిలోని అదే భాగమును తీసి ఇందులో పెట్టవచ్చునా?”

పాత వత్తి తుపాకుల విషయములో దీనికి సమాధానము “పెట్టలేము” అనియే. ఆధునిక స్వయంచాలక తుపాకి విషయములో సమాధానము “పెట్టవచ్చును” అని. ఈ రెండు సమాధానాల మధ్య సుమారు రెండు వందల ఏండ్ల సాంకేతిక చరిత్ర ఇమిడి ఉన్నది. కుట్టు మిషను, సైకిలు, గడియారము, మోటారు బండి, వీటన్నిటికి విడిభాగాలు బజారులో దొరకటము ఆ చరిత్ర ఫలితమే. దానిని తెలుసుకొనేందుకు తుపాకిని చూస్తే చాలదు. దాని విడిభాగాలను, దాని వెంట ఉండవలసిన చిన్న చిన్న ఉపకరణాలను చూడవలె.

ఒక్కొక్క తుపాకికి ఒక్కొక్క మూస

వత్తి తుపాకి నిర్మాణము పైకి సులువుగా కనిపిస్తుంది. ఇనుప గొట్టము, దానిని మోసే కొయ్య కుందా, ఈ రెండింటిని కలిపి పట్టి ఉంచే కట్లు, ఒక మీట. గొట్టము ప్రక్కన చిన్న గిన్నె వంటి పల్లము ఉంటుంది. అందులో రంజకము, అనగా మెత్తగా నూరిన తుపాకి మందు పోస్తారు. మీటను నొక్కినప్పుడు, నిప్పు రాజుకొన్న వత్తిని పట్టుకొని ఉన్న వంకర చేయి ఆ రంజకము మీదికి వంగుతుంది. ఆ మంట సన్నని రంధ్రము గుండా లోపలి మందుకు అంటుకొని గుండును బయటికి తోస్తుంది.

గొట్టమును తయారు చేయటమే కష్టమైన పని. ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి, కడ్డీ చుట్టూ త్రిప్పి, అంచులను సుత్తితో కొట్టి అతికేవారు. తెలంగాణములోని కోనసముద్రము వంటి గ్రామాలలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కత్తుల తయారీకి దేశాంతరాలలో కూడ పేరు పొందినది. దానిని హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు చూచి వ్రాసిన వివరణ 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. అంతటి లోహ విజ్ఞానము మన పనివారికి ఉన్నది. అయితే వారి కొలమానము కన్ను, చేయి, అనుభవము. ఒక పనివాడు చేసిన రెండు గొట్టాలు చూపునకు ఒకటిగానే ఉన్నా, లోపలి వ్యాసములో కొంత తేడా తప్పదు.

ఈ తేడాకు సాక్ష్యమిచ్చే వస్తువు తుపాకి కాదు, గుండ్లు పోతపోసే చిన్న మూస. సీసమును కరిగించి ఈ మూసలో పోస్తే ఆ తుపాకికి సరిపడిన గుండు వస్తుంది. గొట్టాల వ్యాసాలు వేరైనప్పుడు మూసలు కూడ వేరు కావలె. కాబట్టి ఒక తుపాకి వెంట దాని మూస దొరికినదంటే, అది చాల విలువైన సాక్ష్యము. మందు బుడ్డి, రంజకపు బుడ్డి, వత్తి చుట్ట, మందును దట్టించే కడ్డీ కూడ ఇటువంటివే. ఇవి చిన్నవి కనుక, పిడి మీద బంగారము లేదు కనుక, మొదట పోయేవి ఇవే. తుపాకి మిగులుతుంది; దానిని ఎట్లా వాడినారో చెప్పే వస్తువులు పోతాయి.

పాతబస్తీకి దక్షిణముగా ఉన్న బార్కస్ పేటకు ఆ పేరు “బారక్సు” అనే మాట నుండి వచ్చినది. నిజాముల కొలువులో చేరేందుకు అరేబియాలోని హద్రమౌత్ నుండి వచ్చిన సైనికుల కుటుంబాలు అక్కడ స్థిరపడినవి. వత్తి తుపాకి, నడుములో వంకర బాకు 19వ శతాబ్దిలోని ఆ అరబ్బు సైనికుల గుర్తులు. ఇటువంటి దళములో ఎవరి తుపాకి వారిది. ఒకని గుండు ఇంకొకని తుపాకిలో పట్టకపోవచ్చును. ఒకని మీట విరిగితే కొత్తది కమ్మరి దగ్గర చేయించుకొనవలసినదే. వేయిమంది సైనికులు ఉంటే వేయి రకాల మరమ్మతులన్న మాట.

హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానా, ఫ్రాన్సులో విడిభాగాలు

18వ శతాబ్ది చివర నిజాము సైన్యమునకు ఐరోపా పద్ధతిలో కవాతు నేర్పినవాడు ఫ్రెంచి దేశీయుడైన మిషెల్ రేమండ్. ఆయనను హైదరాబాదు ప్రజలు ముసారామ్ అన్నారు. 1795లో ఆయన స్థాపించిన ఫిరంగుల పోత కార్ఖానా మూసీకి ఉత్తరాన ఫతే మైదానము దగ్గర ఉండేది. దానిని జనము “తోప్ కా సాంచా” అన్నారు. సాంచా అంటే మూస. గన్‌ఫౌండ్రీ అనే ఆ పేట పేరు నేటికీ దానిని జ్ఞాపకము చేస్తున్నది.

రేమండ్ 1798 మార్చిలో మరణించినాడు. ఆ ఏడాది సెప్టెంబరులో నిజాముకు, ఆంగ్లేయులకు కుదిరిన సంధి ప్రకారము, అక్టోబరులో సుమారు 14,000 మంది గల ఆ ఫ్రెంచి దళమును నిరాయుధము చేసి రద్దు చేసినారు. ఆయుధాలు, ఆయుధాలు చేసే చోటు తమ అదుపులో లేకుండా స్వాతంత్ర్యము నిలువదన్న సంగతి ఆనాటి హైదరాబాదునకు ఈ విధముగా అనుభవములోకి వచ్చినది.

ఇదే కాలములో రేమండ్ పుట్టిన ఫ్రాన్సులో ఒక కొత్త ప్రయోగము జరిగినది. ఆనోరే బ్లాం అనే తుపాకుల నిపుణుడు, తుపాకిలో నిప్పు పుట్టించే యంత్రాంగములోని ప్రతి భాగమును ఒకే కొలతకు చేయించినాడు. 1785లో అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ దానిని చూడబోయినాడు. ఏబది తుపాకుల యంత్రాంగాలను విడదీసి, భాగాలను వేరువేరు అరలలో ఉంచినారు. జెఫర్సన్ చేతికి వచ్చిన భాగాలను ఏరుకొని కొన్నింటిని తానే కూర్చినాడు. అవి చక్కగా అమరినవి. ఈ సంగతిని ఆయన ఆ ఏడాది ఆగస్టులో తన దేశమునకు లేఖ వ్రాసినాడు.

1798లో, అనగా హైదరాబాదులో ఫ్రెంచి దళము రద్దయిన ఏడాదిలోనే, అమెరికా ప్రభుత్వము 10,000 తుపాకుల తయారీకి ఎలై విట్నీతో ఒప్పందము చేసుకొన్నది. విట్నీ తన తుపాకుల భాగాలను ఒకదానికొకటి మార్చి చూపినాడనియు, ఈ విధానమునకు ఆయనే మూలపురుషుడనియు పాఠ్యపుస్తకాలు చాల కాలము వ్రాసినవి. 1960లో రాబర్ట్ వుడ్‌బరీ అనే సాంకేతిక చరిత్రకారుడు ఈ కథను ప్రశ్నించినాడు. మిగిలి ఉన్న విట్నీ తుపాకులను పరిశీలించగా వాటి భాగాలు ఒకదానితో ఒకటి మారలేదు. పైగా, ఏ భాగము ఏ తుపాకిదో తెలిసేందుకు గుర్తులు చెక్కి ఉన్నవి! భాగాలన్నీ ఒకటే అయితే గుర్తుల అవసరమేమి? నూరేండ్లకు పైగా పుస్తకాలు చెప్పిన మాటను ఇనుప ముక్కలు త్రోసిపుచ్చినవి. ఆ ముక్కలను ఎవరూ దాచి ఉంచకపోతే తప్పు కథయే చరిత్రగా నిలిచి ఉండేది.

అమెరికాలోనే జాన్ హాల్ 1820ల నాటికి హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారములో యంత్రాలతో ఈ పనిని సాధించినాడు. బ్రిటిషు ప్రభుత్వము 1854లో నిపుణులను అమెరికాకు పంపి, అక్కడి యంత్రాలను కొని, ఎన్‌ఫీల్డు కార్ఖానాలో నెలకొల్పినది. అంతకుముందు 1841లోనే జోసెఫ్ విట్‌వర్త్ మరమేకుల చుట్లకు ఒకే ప్రమాణము ఉండవలెనని ప్రతిపాదించినాడు.

“సరిగ్గా సమానము” అంటే ఏమి?

ఇక్కడ విద్యార్థులు ఒక సూక్ష్మమును గ్రహించవలె. ఏ రెండు వస్తువులూ సరిగ్గా సమానముగా ఉండవు. కాబట్టి ఇంజనీరు “సమానముగా చేయండి” అనడు. “ఇంత నుండి ఇంత వరకు తేడా ఉండవచ్చును” అంటాడు.

ఊహకు ఒక ఉదాహరణ తీసుకొందాము. ఒక రంధ్రము వ్యాసము 10.00 మిల్లీమీటర్లకు తగ్గరాదు, 10.05కు మించరాదు. అందులో దూరే చీల వ్యాసము 9.90కి తగ్గరాదు, 9.95కు మించరాదు. అప్పుడు అతి సన్నని రంధ్రములో అతి లావు చీల పెట్టినా 0.05 మిల్లీమీటరు సందు మిగులుతుంది. అతి పెద్ద రంధ్రములో అతి సన్న చీల పెట్టినా సందు 0.15 మిల్లీమీటరుకు మించదు. ఏ చీల తెచ్చినా ఏ రంధ్రములోనైనా దూరుతుంది. మరీ వదులు కాదు.

దీనిని పరీక్షించేందుకు పనివానికి లెక్కలు రానక్కరలేదు. రెండు కొనలు గల ఒక గేజి చాలును. సన్న కొన రంధ్రములో దూరవలె. లావు కొన దూరరాదు. రెండు షరతులూ నెరవేరితే ముక్క మంచిది. కన్ను, చేయి, అనుభవము చేసే నిర్ణయము ఇప్పుడు గేజిలోకి ప్రవేశించినది.

స్వయంచాలక తుపాకిలో కొలత విలువ

వత్తి తుపాకిలో కొలత కొంచెము తప్పితే గురి చెడుతుంది. స్వయంచాలక తుపాకిలో కొలత తప్పితే యంత్రమే ఆగిపోతుంది. కారణము చూడండి. 1884లో హైరమ్ మాక్సిమ్, గుండు ముందుకు పోయేటప్పుడు తుపాకి వెనుకకు తన్నే శక్తిని వృథా పోనీయక, ఖాళీ తోటాను పడవేసి కొత్త తోటాను ఎక్కించే పనికి వినియోగించినాడు. న్యూటన్ మూడవ సూత్రమునకు ఇది కఠోరమైన ఉదాహరణ. ఆ తరువాత గొట్టములోని వాయువు పీడనముతో నడిచే తుపాకులు వచ్చినవి. మెక్సికో దేశపు మోండ్రగాన్ తుపాకిని ఆ దేశ సైన్యము 1908లో స్వీకరించినది. 1918లో బ్రౌనింగ్ తుపాకి, 1936లో అమెరికా సైన్యమునకు గారండ్ తుపాకి వచ్చినవి.

ఈ తుపాకులలో గుండు వెళ్లిన మరుక్షణమే ముషలకము వెనుకకు కదలటము, ఖాళీ తోటా ఎగిరిపడటము, స్ప్రింగు కుంచించుకొని మరల విచ్చుకొనటము, మాగజైను అనే తోటాల పెట్టె నుండి కొత్త తోటా పైకి రావటము జరుగుతాయి. ఇదంతా సెకనులో చిన్న భాగములో జరిగిపోతుంది. మనిషి చేయి సర్దే అవకాశము లేదు. మాగజైను పెదవి కొద్దిగా వంగినా తోటా సరిగా ఎక్కదు. అందుచేత స్వయంచాలక తుపాకికి మాగజైను “ఉపకరణము” అని పేరే గాని, నిజానికి అది యంత్రములోని అంగమే.

మన దేశపు అనుభవములో దీనికి మంచి దృష్టాంతము ఉన్నది. 1962 యుద్ధములో మన సైనికుల చేతిలో ఎక్కువగా ఉన్నవి ఒక్కొక్క గుండుకు చేతితో బోల్టు లాగవలసిన .303 ఎన్‌ఫీల్డు తుపాకులు. వాటి స్థానములో వచ్చినది 7.62 మిల్లీమీటర్ల ‘1ఏ1’. మీట నొక్కిన ప్రతిసారి ఒక గుండు పేల్చి, తరువాతి తోటాను తానే ఎక్కించుకొనే తుపాకి ఇది. పశ్చిమ బెంగాలులోని ఈశాపూర్ కార్ఖానాలో వీటిని తయారు చేసినారు. మాజీ సైనికులు దీనిని “ఎస్సెల్లార్” అనే పిలుస్తారు.

దీని మూలము బెల్జియములో పుట్టిన ‘ఫాల్’ తుపాకి. తొంబదికి పైగా దేశాలు దానిని వాడినవి. బెల్జియము కొలతలు మెట్రిక్ పద్ధతిలో ఉండగా, బ్రిటను దానిని అంగుళాలలోకి మార్చి తన తుపాకిని తయారు చేసినది. మన నిపుణులు రెండు రకాల నమూనాలను పరిశీలించి మన తుపాకిని రూపొందించినారు. ఫలితముగా ఈశాపూర్ తుపాకి భాగాలు కొన్ని అంగుళపు నమూనాను, కొన్ని మెట్రిక్ నమూనాను పోలి ఉండి, రెండింటిలో దేనితోను పూర్తిగా మారవు. చూపునకు మూడూ కవల పిల్లలే; మరమేకుల దగ్గర మాత్రము మూడూ వేరు కుటుంబాలు.

మాగజైను సంగతి మరింత తేటగా ఉంటుంది. అంగుళపు నమూనా మాగజైను ముందుభాగపు కొక్కెము పెద్దది. అది మెట్రిక్ తుపాకిలో పట్టదు. మెట్రిక్ మాగజైను అంగుళపు తుపాకిలో పడుతుంది గాని వదులుగా ఆడుతుంది. ప్రపంచములోని పాత తుపాకుల సేకరణకర్తలు ఒక రేకుపెట్టెను చేతిలోకి తీసుకొని, ముందుగా ఆ కొక్కెమునే చూస్తారు. అది ఏ కుటుంబమునకు చెందినదో అదే చెబుతుంది. 1956లో మన దేశము మెట్రిక్ కొలతలను చట్టముగా స్వీకరించినది. అంగుళము నుండి మిల్లీమీటరునకు మారుతున్న ఒక దేశపు చరిత్ర ఒక తుపాకి మరమేకులలో కూడ కనిపిస్తుందంటే ఆశ్చర్యము లేదు.

ఉపకరణాలు చెప్పే రసాయనశాస్త్రము

.303 ఎన్‌ఫీల్డు తుపాకి కుందా అడుగున చిన్న తలుపు ఉంటుంది. లోపల ఒక నూనె సీసా, కొనకు బరువు కట్టిన ఒక త్రాడు ఉంటాయి. త్రాడును గొట్టములోకి జారవిడిచి, గుడ్డపీలిక కట్టి లాగి గొట్టమును తుడుస్తారు. కొన్ని చోట్ల మరిగే నీటిని గొట్టములో పోసేందుకు ఒక గరాటు కూడ ఉండేది. ఉక్కు గొట్టములో నీరు పోయటమేమి?

ఆనాటి తోటాల అడుగున మొదటి నిప్పు పుట్టించే మిశ్రమములో పొటాషియం క్లోరేటు ఉండేది. అది మండగా పొటాషియం క్లోరైడు అనే లవణము మిగులుతుంది. ఈ లవణము గాలిలోని తేమను పీల్చుకొని ఉక్కును త్రుప్పు పట్టిస్తుంది. లవణము నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. కాబట్టి ముందు వేడినీరు, తరువాత పొడి గుడ్డ, ఆ తరువాత నూనె. ఆ గరాటు మన చేతికి రాకపోతే ఈ పాఠము కూడ మనకు అందదు.

ఈ తుపాకి బోల్టు మీద తుపాకి సంఖ్యనే చెక్కేవారు. భాగాలు మార్చుకొనే యుగములో కూడ, తోటాను బిగించి పట్టే ఈ ఒక్క భాగమును ఏ తుపాకికి ఆ తుపాకికే సరిచూచి అమర్చేవారు. అక్కడ తేడా వస్తే పేల్చేవానికి ప్రాణాపాయము. అంతా మార్చుకొనవచ్చునన్న సూత్రమునకు కూడ హద్దు ఎక్కడ ఉన్నదో ఆ చిన్న సంఖ్య చెబుతున్నది.

సేకరణలో ధర్మము

సాలార్‌జంగ్ మ్యూజియములోని వస్తువులను ఎక్కువగా సేకరించినవారు మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949). ఆయన మరణానంతరము 1951 డిసెంబరు 16న నెహ్రూగారు ఈ మ్యూజియమును దివాన్ దేవిడీలో ప్రారంభించినారు. 1961లో పార్లమెంటు దీనిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించినది. 1968లో ఇది నేటి భవనమునకు మారినది. ఒక వ్యక్తి అభిరుచి జాతి సొత్తయిన తీరు ఇది.

పాత తుపాకుల భాగాలను సేకరించేవారికి ఒక ప్రలోభము ఎప్పుడూ ఉంటుంది. ఒక తుపాకి కుందా, ఇంకొక తుపాకి బోల్టు, వేరొకదాని మాగజైను కలిపి, రంగు వేసి, “సంపూర్ణమైన” తుపాకిని నిలబెట్టటము. చూచేందుకు అది బాగానే ఉంటుంది. చరిత్ర మాత్రము నశిస్తుంది. సంఖ్యలు కలియని తుపాకి ఒకనాడు మరమ్మతు కార్ఖానాకు వెళ్లి వచ్చినదై ఉండవచ్చును. ఆ కలియకపోవటమే దాని జీవిత కథ. త్రుప్పుతో పాటు ముద్రలను కూడ అరగదీసినవాడు విట్నీ తుపాకుల గుర్తులను చెరిపివేసినవానితో సమానము. ఏ వస్తువు ఎక్కడ దొరికినది, దేనితో పాటు దొరికినది అన్న చీటీ ఆ వస్తువులో సగము విలువ చేస్తుంది.

మన దేశములో చట్టము కూడ తెలిసి ఉండవలె. 1959 నాటి ఆయుధాల చట్టము ప్రకారము “ఆయుధము” అన్న మాటలో దాని భాగాలు కూడ చేరుతాయి. మీట వదిలేవరకు వరుసగా పేల్చే తుపాకులు నిషిద్ధాయుధాలు. నూరేండ్లకు మించిన పురావస్తువులకు 1972 నాటి చట్టము వర్తిస్తుంది. కాబట్టి స్వయంచాలక తుపాకుల భాగాలను ఇంట సేకరించటము విద్యార్థులకు తగిన వేడుక కాదు. వాటిని చూడవలసిన చోటు మ్యూజియము. ఏ ఇంటి అటకమీదనైనా పాత తుపాకి, మందు బుడ్డి, తోటా కనిపిస్తే ముట్టుకొనక, విప్పక, పెద్దలకు చెప్పి పోలీసులకు తెలియజేయవలె. పొడిగా ఉన్న నల్ల తుపాకి మందుకు నూరేండ్లు గడచినా మండే గుణము పోదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలను ఆయుధాల విభాగమునకు తీసుకొని వెళ్లే ముందు తరగతిలో చిన్న పరీక్ష చేయించండి. ఒకే రకము కలాలను పదింటిని తీసుకొని మూతలు మార్చి చూడమనండి. తరువాత ఊరి కుమ్మరి చేసిన పది కుండలకు మూకుళ్లు మార్చి చూడమనండి. ఎక్కడ ఎంత సందు వచ్చినదో వ్రాసుకోమనండి. ఆ కాగితము చేతిలో పట్టుకొని మ్యూజియములో తుపాకి ముందు నిలిచిన పిల్లవాడు ఇక దూరమును గురించి అడగడు. దాని మూస ఏమైనదని అడుగుతాడు.